నలభై దాటిన ముఖానికి నలుగురి సలహాలు

ఆ మధ్య ఒక పెళ్లిలో మా పెద్దవదిన నన్ను చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి పిలిచి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చిన్న ట్యూబ్ తీసి చేతిలో పెట్టింది. "బుగ్గల మీద మంగు బాగా కనిపిస్తోందే నీకు. నేనూ ఇదే రాశాను, పది రోజుల్లో పోయింది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, చీటీ కూడా అక్కర్లేదు" అంది. ఆవిడ ముఖం నిజంగానే నున్నగా, తేటగా ఉంది. నాతో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆవిడకు లేదు. ఆ ట్యూబ్ నేను కొంటే ఆవిడకు పైసా రాదు. మన మనిషి, తను వాడి చూసిన మనిషి, ఫలితం ముఖం మీదే కనిపిస్తున్న మనిషి. ఇంతకంటే నమ్మకమైన సలహా ఎక్కడ దొరుకుతుంది?

ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని ట్యూబ్ వెనక అక్షరాలు చదివాను. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మొదటిది నలుపు తగ్గించేది, రెండోది చర్మాన్ని నునుపు చేసేది. మూడోది స్టెరాయిడ్.

నలభై దాటిన ఆడవాళ్లకు ముఖం గురించిన సలహాలకు కొదవ లేదు. ఫోన్ తెరిస్తే సలహా, పార్లర్లో కూర్చుంటే సలహా, పేరంటానికి వెళ్తే సలహా. ఇచ్చేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. చిక్కేమిటంటే ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే తెలుసు, మనం మాత్రం అందరినీ అన్నీ అడుగుతాం. మా వదిన ట్యూబ్ సంగతి ముందు పూర్తి చేస్తాను. మిగతా గందరగోళమంతా అందులో చిన్న సైజులో ఉంది.

ఈ మూడు మందుల కలయికను ఏ మోసగాడూ కనిపెట్టలేదు. 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు, తన సహచరుడితో కలిసి, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపి రాస్తే మచ్చల నలుపు తగ్గుతుందని చూపించాడు. మంగు వైద్యంలో ఆ ఫార్ములా పిల్లలు, మనవలు ఇప్పటికీ ఉన్నాయి. డాక్టర్లు కొన్ని వారాలకు రాసి, మధ్యలో ఒకసారి చూసి, ఆపించేస్తారు. మన దగ్గర డెక్సామెథాసోన్ బదులు అంతకంటే ఘాటైన మొమెటాసోన్ వచ్చి చేరింది, చీటీ ఎగిరిపోయింది, వారాలు కాస్తా ఏళ్లయ్యాయి.

స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు తగ్గుతుంది, రంగు తయారయ్యే వేగం కూడా తగ్గుతుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ఎవరి ముఖమైనా బాగుంటుంది. వదిన చెప్పిన పది రోజులు అక్షరాలా నిజం. నెలల తరబడి రాస్తే అదే చర్మం పల్చబడుతుంది. ఎండలోకి వెళ్తే మంట, ఈ వయసులో మొటిమలు, బుగ్గల మీద ఎర్ర దారాల్లా రక్తనాళాలు, గడ్డం మీద నూగు. భయపడి ఆపేస్తే ముఖం ఎర్రగా మండుతుంది, మంగు మునుపటికంటే ముదురుగా తిరిగొస్తుంది. తట్టుకోలేక మళ్లీ రాస్తారు. స్కిన్ డాక్టర్లు దీనికి 'స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం' అని పేరే పెట్టారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల్లో ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నారు. అంటే దాదాపు 15 శాతం. చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి గోల పెట్టాక 2018లో ఈ రకం పూతమందులు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకూడదు అన్నదానికీ అమ్మడం లేదు అన్నదానికీ మధ్య ఎంత దూరముందో మా వదిన హ్యాండ్‌బ్యాగే చెబుతుంది.

కనుక "నేను వాడాను, నాకు పనిచేసింది" అన్న మాట విన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఎంతకాలం వాడారు అని. పది రోజుల అనుభవం పది రోజుల గురించే చెప్పగలదు.

పేరూ ఊరూ లేని డబ్బాలది ఇంకా ఘోరం. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా తమ దగ్గరికి వచ్చిన ఒక రకం కిడ్నీ జబ్బు కేసులు 22 పరిశీలించారు. అందులో 15 మందిలో, మామూలుగా అరుదుగా కనిపించే ఒకే తరహా జబ్బు బయటపడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లు. అనుమానం క్రీముల్లోని పాదరసం మీదికి వెళ్లింది. పాదరసం చర్మాన్ని తెల్లగా చేస్తుంది, మళ్లీ మూత్రపిండాల్నీ పాడుచేస్తుంది. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు లేని డబ్బా ఎవరిచ్చినా ముఖానికి రాయకూడదు. దీనికి మినహాయింపులు లేవు.

అసలు ముఖంలో జరుగుతున్నదేమిటి

చర్మానికి రెండు వయసులుంటాయి. ఒకటి పుట్టినతేదీది, రెండోది ఎండది. ఈ రెండూ ఎంత వేరో చూపించే ఫొటో ఒకటి 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ డ్రైవర్ ముఖమది. కుడి చెంప ఆ వయసుకు తగ్గట్టే ఉంది. కిటికీ వైపున్న ఎడమ చెంప మందంగా, లోతైన ముడతలతో, అతని అన్నగారిదేమో అన్నట్టుంది. ఎండలో కాల్చే కిరణాల్ని అద్దం చాలావరకు ఆపుతుంది. చర్మం లోపలిదాకా దిగి బిగువునిచ్చే కొలాజెన్‌ను తినే యూవీఏ కిరణాలు మాత్రం మామూలు అద్దంలోంచి వచ్చేస్తాయి. మన కార్లలో డ్రైవరుది కుడి కిటికీ. పదేళ్లుగా మీరే కారు నడుపుతుంటే ఒకసారి అద్దంలో కుడి చెంపా ఎడమ చెంపా పోల్చి చూసుకోండి.

మూడోది హార్మోన్లు. మన దేశంలో ముట్లుడగడం సగటున 46, 47 ఏళ్ల దగ్గర జరుగుతుంది, పాశ్చాత్య దేశాలకంటే నాలుగైదేళ్లు ముందు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోయాక మొదటి 5 ఏళ్లలో చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుందని వైద్యపుస్తకాల లెక్క. ముఖం ఉన్నట్టుండి పొడిబారిందనీ, ఎప్పుడూ పడే సబ్బే పడటం లేదనీ అనిపించడం భ్రమ కాదు. ఇందులో మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా పట్టిన ముచ్చట ఒకటుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి, అదీ చాలామందికి నలభై లోపే. ఆపరేషన్లో అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ రాత్రికి రాత్రి పోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషికి యాభై ఏళ్ల చర్మం ఎందుకొచ్చిందో ఏ ఫేషియల్ పార్లరూ చెప్పదు. కాబట్టి డాక్టరు దగ్గరికి చర్మం గురించి వెళ్లినా, గర్భసంచి ఆపరేషన్ అయిందా, అండాశయాలు ఉంచారా అన్నది మీరే ముందు చెప్పాలి. ఆపరేషన్ కాగితాలు బీరువాలో ఎక్కడో ఉంటాయి, వెతకండి.

ఇక రంగు. చామనఛాయ చర్మంలో ముడతలు ఆలస్యంగా వస్తాయి. మనకు ముందు కనిపించేది మంగు, రంగు తేడాలు, కళ్లకింద నలుపు, బుగ్గల మీద ఆవగింజల్లాంటి నల్ల పులిపిర్లు. కానీ వయసు మీద పడిన చర్మం గురించి దొరికే సలహాల్లో చాలాభాగం తెల్లతోలు వాళ్ల ముడతల కోసం పుట్టింది. అది అనువాదమై మన దాకా వచ్చేసరికి ఇక్కడి తెల్లబడే వ్యాపారంతో కలిసిపోతుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మాట మారింది గానీ, వయసు తగ్గడమంటే రంగు తేలడమే అన్న భావన అలాగే ఉంది. మంగు తగ్గించమని అడిగితే తెల్లబడటం అమ్ముతారు. రెండూ ఒకటి కాదు.

ఆధారం ఉన్నవి కొన్నే

ఏళ్ల పరీక్షకు నిలిచిన వస్తువులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటిది సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలోని నాంబర్ అనే ఊళ్లో 55 ఏళ్ల లోపువాళ్లు 903 మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్లలో, ఇష్టమైనప్పుడు రాసినవాళ్లకంటే చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉందని 2013లో ప్రకటించారు. వాళ్లు ఎక్కువగా తెల్లవాళ్లు. ఆ 24 శాతం మనకూ వర్తిస్తుందని నేను చెప్పను. మనకు దాని అవసరం ఇంకో వైపు నుంచి ఉంది: మంగును ముదిరించే ప్రధాన దోషి ఎండ. పైగా మంగుకు యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా పడదు. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, రంగున్న టింటెడ్ సన్‌స్క్రీన్ కొంత ఆపుతుంది. సన్‌స్క్రీన్‌లోని జింక్ వల్ల ముఖం విభూతి రాసినట్టు తేలే బాధ కూడా దీనితో తగ్గుతుంది.

ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె. ఎస్‌పీఎఫ్ 30 అంటే ఎండలో కాల్చే కిరణాల్లో సుమారు 97 శాతం, 50 అంటే 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం కొట్టుకోవడంకంటే ఎంత రాస్తున్నామన్నది ముఖ్యం. ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన రాసి ఆ నంబరు తేలుస్తారు. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా గీసినంత. 50 గ్రాముల ట్యూబ్ మీకు నాలుగు నెలలు వస్తోందంటే, మీరు రాస్తున్నది ఎస్‌పీఎఫ్ 50 కాదు, దాని వాసన. నంబర్లను మరీ నమ్మకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో సన్‌స్క్రీన్‌ను మందుల్లా కట్టుదిట్టంగా నియంత్రిస్తారు. అక్కడ 2025లో ఛాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్‌లు పరీక్షిస్తే 16 తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదు. అందుకే గొడుగును, చీర కొంగును తక్కువ చేయొద్దు. వాటికి ఎక్స్‌పైరీ డేట్ లేదు.

రెండోది ట్రెటినాయిన్, ఎ విటమిన్ కుటుంబం. మా వదిన ట్యూబులో మధ్యలో ఉన్నదే. ఒంటరిగా అది మంచి మందు. 1971లో అమెరికాలో మొటిమలకు అనుమతి పొందింది. వాడిన పెద్దవయసు వాళ్ల చర్మం నునుపెక్కుతోందని గమనించి 1980లలో పరీక్షలు చేశారు. ఇక్కడా ఆ క్లిగ్‌మనే ఉన్నాడు. 1995లో సన్నముడతలకు కూడా అనుమతి వచ్చింది. కాస్మెటిక్స్‌లో దొరికే రెటినాల్ దీని బలహీనమైన చెల్లెలు. చర్మం దాన్ని మార్చుకుని వాడుకోవాలి. యూరప్‌లో ముఖానికి రాసేవాటిలో అది 0.3 శాతం మించకూడదని ఇప్పుడు నిబంధన.

వీడియోల్లో చెప్పరు గానీ మన చర్మానికి దీనితో ఒక పేచీ ఉంది. తెల్లవాళ్లకు మందు ఘాటెక్కువైతే ఎరుపెక్కి తగ్గిపోతుంది. మనకు ఎర్రబడ్డ చోటల్లా నల్లమచ్చ మిగులుతుంది. అందుకే వారానికి రెండు రాత్రులు, ముఖమంతటికీ కలిపి శనగగింజంత, దాని పైన మాయిశ్చరైజర్, అంతే మొదలు. ఫలితం మూడు నుంచి ఆరు నెలలకు. నలభై ఐదు దగ్గర నెలసరి గతి తప్పినంత మాత్రాన గర్భం రాదని కాదు కాబట్టి, ఆ అవకాశం ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.

మాయిశ్చరైజర్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. గ్లిజరిన్, సెరమైడ్‌లు, పెట్రోలియం జెల్లీ, వీటిలో ఏవైనా ఉన్నది, వాసన తక్కువగా ఉన్నది చాలు. 300 రూపాయల సీసాకూ 3,000 రూపాయల సీసాకూ మధ్య తేడా ఎక్కువగా సీసాలోనే. నయాసినమైడ్, అజెలాయిక్ యాసిడ్ రంగు తేడాలకు కొంత పనిచేస్తాయి. విటమిన్ సి కూడా మంచిదే, కానీ గాలికీ వేడికీ త్వరగా పాడైపోతుంది. మే నెల విజయవాడలో కిటికీ పక్కన పెట్టిన సీరమ్ తేనెరంగుకు తిరిగిందంటే అది అయిపోయినట్టే, ఎంత పోసి కొన్నా సరే.

కొలాజెన్ పొడుల గురించి రోజూ అడుగుతారు. తిన్న కొలాజెన్ పొట్టలో ముక్కలైపోతుంది. అది నేరుగా బుగ్గల్లోకి వెళ్లి కూర్చోదు. అయినా పనిచేస్తుందని చెప్పే పరిశోధనలు బోలెడున్నాయి. 2025లో కొందరు పరిశోధకులు 23 పరీక్షల ఫలితాలు ఒకచోట పెట్టి, ఎవరి డబ్బుతో జరిగాయో చూసి విడదీశారు. కంపెనీల డబ్బుతో జరిగినవాటిలో ప్రయోజనం కనిపించింది, వాళ్ల డబ్బు లేనివాటిలో కనిపించలేదు. మొత్తం అందచందాల పరిశోధనలకే ఈ ఒక్క జల్లెడ చాలు అనిపిస్తుంది నాకు. గ్లూటాథియోన్ ఇంజెక్షన్ల సంగతైతే, చర్మం తెల్లబడటానికి వాటికి మన దేశంలో ఆమోదమే లేదు. నరంలోకి ఎక్కించే మందును బ్యూటీ ప్యాకేజీలా అమ్మడం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంటి వైద్యం మాటెత్తితే అమ్మమ్మలు గుర్తొస్తారు కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను. పండగ పూట నలుగు, సున్నిపిండి సరదాకు సరే. రోజూ శనగపిండితో రుద్దితే పొడిబారిన చర్మం ఇంకా గీరుకుపోతుంది, రాపిడికీ మంగు పెరుగుతుంది. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి. సహజమైనది కాబట్టి హాని లేదంటారా, నల్లజీడి గింజ కూడా సహజమే. దాని రసం ఒంటి మీద పడితే ఏమవుతుందో మా అమ్మమ్మకే బాగా తెలుసు.

ఎవరిని ఏమడగాలి

ముఖం మీది మచ్చ ఏమిటో తేల్చాల్సింది డాక్టరే. మంగులా కనిపించేదల్లా మంగు కాదు. జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం పడక నుదురు, చెవుల పక్క, మెడ నల్లబడొచ్చు. స్టిక్కర్ బొట్టు జిగురులోని రసాయనం వల్ల బొట్టు పెట్టే చోట తెల్లమచ్చ రావొచ్చు. ఈ రెండింటికీ మందు ముందుగా ఆ వస్తువు మానేయడం, క్రీము కాదు. మెడ చుట్టూ మఖ్మల్‌లా మందంగా నల్లబడితే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. ముఖం ఉబ్బి, చర్మం బిరుసెక్కితే థైరాయిడ్. వేళ్ల కణుపులు నల్లబడితే బి12 తక్కువేమో చూడాలి. అరికాల్లో, గోరు కింద కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతుంటే ఆ వారమే చూపించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ సీరమ్‌తో పోదు, రాసుకుంటూ కూర్చుంటే నెలలు పోతాయి.

డాక్టరంటే ఎవరన్నది కూడా చూడాలి. పేరు పక్కన చర్మవైద్యపు చదువులైన ఎండీ డీవీఎల్, లేదా డీడీవీఎల్, లేదా చర్మవిభాగంలో డీఎన్‌బీ ఉండాలి. కాస్మెటాలజిస్ట్, ఈస్థటిక్ ఎక్స్‌పర్ట్ అన్న బోర్డులకు ఆ చదువు ఉండి తీరాలని లేదు. మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ వెతికి చూడొచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు. నిజమైన చదువున్న డాక్టరుకు కూడా క్లినిక్కులో లేజర్ మెషీన్ కొన్న అప్పు ఉండొచ్చన్నది వేరే సంగతి. నాకు ఒక పెద్ద క్లినిక్కులో, డాక్టరు గదిలోకి వెళ్లక ముందే, రిసెప్షన్లో ఆరు సిట్టింగుల ప్యాకేజీ రేటు చెప్పారు. మచ్చ ఏమిటో ఇంకా ఎవరూ చూడలేదు. మన చర్మం మీద లేజర్ పొరపాటుగా వాడితే మంగు ఇంకా ముదిరే ప్రమాదం ఉంది. అలాంటి చోట తిరిగొచ్చేయడమే మంచిది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రుల చర్మవిభాగం ఓపీలో క్యూ పెద్దది, మాట్లాడే సమయం తక్కువ. కానీ అక్కడ కూర్చున్నవాళ్లకు మీకు అమ్మాల్సినదేమీ లేదు. ఎక్కడికెళ్లినా మూడు మాటలు అడిగి రాయించుకోండి: ఇదేమిటి, ఇందులో స్టెరాయిడ్ ఉందా, ఎప్పుడు ఆపాలి. మూడోది చాలామంది మర్చిపోతారు. పాత చీటీతో ఏడాదిపాటు అదే క్రీము కొంటూ ఉంటారు.

వీడియోలు చేసేవాళ్లందరినీ కొట్టిపారేయను. తెలుగులో కొందరు స్కిన్ డాక్టర్లు ఓపిగ్గా బాగా చెబుతున్నారు. డబ్బు తీసుకునో, వస్తువు ఉచితంగా పుచ్చుకునో చెబితే ఆ సంగతి స్పష్టంగా కనిపించాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. ఆ 'పెయిడ్' అన్న ముక్క మూలన చీమతలంత ఉంటుంది, చూడటం అలవాటు చేసుకోవాలి. నా వరకు నేను చూసేది ఇంకోటి. ఆ మనిషి ఎప్పుడైనా "ఇది మీకు అక్కర్లేదు" అందా? వంద వీడియోల్లో ఒక్కసారీ అననివాళ్లు అంగడి పెట్టుకున్నట్టే. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, రింగ్‌లైట్ ముందు, ఫిల్టర్ పెట్టుకుని ముడతల క్రీము గురించి చెబితే ఆ క్రీము ఏం చేసిందో తెలిసే దారే లేదు. ఆమెకు పోవడానికి ముడతలు లేవు.

అమెరికా నుంచి అమ్మాయో, కోడలో తెచ్చే క్రీముల మీద మనవాళ్లకు ప్రత్యేకమైన గౌరవం. అక్కడ సన్‌స్క్రీన్‌ను మందుగా లెక్కిస్తారు, ట్రెటినాయిన్ చీటీ లేకుండా ఇవ్వరు. ఆ క్రమశిక్షణ మెచ్చుకోదగ్గదే. అలాగని సూట్‌కేసులో వచ్చినదల్లా మేలురకం అనుకోనక్కర్లేదు. సన్‌స్క్రీన్‌కు మందుల నియమాలు పెట్టడం వల్లే యూరప్, ఆసియాల్లో దొరికే ఎండను ఆపే కొత్తరకం రసాయనాలు అమెరికాకు చాలా ఆలస్యంగా చేరతాయి. ఇక్కడ షాపుల్లో విదేశీ సరుకు కొనేటప్పుడు దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్నాయో లేదో చూడాలి.

లేబుల్ వెనక్కి తిప్పడం కూడా ఒక సలహా తీసుకోవడమే. అట్ట ముందు భాగం అమ్మకాల విభాగం రాస్తుంది, వెనక భాగం చట్టం రాయిస్తుంది. మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాల్ని ఎక్కువ నుంచి తక్కువ వరసలో రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. ముందువైపు కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనక దాని పేరు చివర్లో సువాసన పక్కన ఉంటే, ఆ క్రీము కుంకుమపువ్వును చూసింది అంతే. "డెర్మటాలజిస్టులు పరీక్షించినది" అన్న ముక్కకు గట్టి అర్థమేమీ లేదు. పరీక్షించారు సరే, ఫలితమేమొచ్చిందో అట్ట మీద లేదు. "92 శాతం ఆడవాళ్లు ఒప్పుకున్నారు" అని ఉంటే కింద చుక్క గుర్తు దగ్గర ఎంతమందో వెతకండి. ఒప్పుకోవడం వేరు, కొలవడం వేరు.

మేకప్ దగ్గర వదినే నయం

మేకప్ విషయానికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇక్కడ డాక్టరుకు తెలిసింది తక్కువ. మీ వయసు, మీ రంగు ఉన్న మనిషి, ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ పక్కనే తిరిగిన మనిషి చెప్పిందే అసలైన ఆధారం. లిప్‌స్టిక్ పెదవి చుట్టూ గీతల్లోకి పాకిందా, కంపాక్ట్ కళ్ల కింద పగుళ్లు తేలిందా అన్నవి కళ్లకు కనిపించే సంగతులు. వీటికి పది గంటల అనుభవం చాలు, పదేళ్లు అక్కర్లేదు.

నలభై దాటాక పౌడర్ శత్రువు. పొడి చర్మం మీద ముడతల్లో ఇరుక్కుని లేని గీతలు కూడా చూపిస్తుంది. క్రీము రకాలు, తక్కువ పూత, మాయిశ్చరైజర్ రాశాక పది నిమిషాలు ఆగడం, ఈ మాత్రంతో సగం పని అయిపోతుంది. ఫౌండేషన్ ఒక షేడ్ తెలుపు కొనడం మనకు తరతరాల జబ్బు. చామనఛాయ మీద అది బూడిద రంగులో తేలుతుంది, ఫ్లాష్ పడితే ముఖం ఒకటి, మెడ ఒకటి. షేడ్ చేతి వెనక కాదు, దవడ దగ్గర రాసి, షాపు బయటికొచ్చి వెలుతురులో చూసుకోవాలి. కళ్ల కింద నలుపుకు నేరుగా కన్సీలర్ వేస్తే బూడిదే మిగులుతుంది. ముందు కొంచెం నారింజరంగు కరెక్టర్ అద్ది, పైన కన్సీలర్ పల్చగా వేస్తే నలుపు అణుగుతుంది. డబ్బా మీద మూత తెరిచిన బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలని అర్థం. మస్కారా అయితే నాలుగైదు నెలలు మించి ఉంచకూడదు. మేనకోడలి పెళ్లికి కొన్నది మేనల్లుడి పెళ్లి దాకా దాచుకునే వస్తువు కాదది. ఇక పెళ్లిళ్లలో మేకప్ అమ్మాయి ఒకే స్పాంజితో ఇంటిల్లిపాదికీ అద్దేస్తుంటే, మన స్పాంజి మనం తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు.

ట్యూబ్ చదివిన మర్నాడు వదినకు ఫోన్ చేశాను. "అందులో స్టెరాయిడ్ ఉంది వదినా. కానీ ఇప్పుడు టక్కున ఆపేయకు, స్కిన్ డాక్టర్ని కలిసి ఆయన చెప్పినట్టు ఆపు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "బాగుండాలని ఇస్తే" అంది చివరికి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలకు గుంటూరులో చూపించుకుంది. మందు తగ్గించుకుంటూ వచ్చిన నెలల్లో ముఖం ఎర్రబడి, పొట్టు లేచి, రెండు పేరంటాలు మానేసింది. అప్పుడప్పుడు ఫోన్లో నా మీద కోపం కూడా పడింది. ఇప్పుడు సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన ఒక క్రీము, గొడుగు. మంగు పూర్తిగా పోలేదు, పల్చబడింది.

మొన్న మళ్లీ ఫోన్ చేసింది. "అది సరేలే గానీ, ఆ పెళ్లిలో నువ్వు వేసుకున్న లిప్‌స్టిక్ షేడ్ ఏంటే? అన్నం తిన్నా చెదరలేదు" అంది. అది నేను చెప్పగలను. లేచి డ్రాలో వెతకడానికి వెళ్లాను.